పాడుపెట్టిన కారు

మా అబ్బాయి షోరూములో ఆ కారు ఎందుకు అమ్ముడుపోలేదని అడిగితే ఏలూరులో తలో మాట చెబుతారు. కింద ఎత్తు చాలదన్నారు కొందరు. చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళకి జీపులా ఎత్తుగా ఉండేదే కావాలన్నారు. డీజిలు బండి కాకపోవడం లోపమన్నారు. ముందు భాగం దర్జాగా లేదన్నారు. కంపెనీవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చి, ఏసీ గదిలో కూర్చుని, ఇవే మాటలు తెర మీద బొమ్మలేసి మా అబ్బాయికే చూపించి వెళ్ళారు. అవన్నీ అబద్ధాలని నేననను. కానీ వాళ్ళెవరూ కొల్లేటి వైపు వెళ్ళి చూడలేదు. అసలు కారణం అక్కడ, బస్సులో పోయే ప్రతివాళ్ళకీ కనిపించేలా, తుమ్మకంప కప్పుకుని నిలబడి ఉండేది.

నాకు ఆ కారంటే ఇష్టం. దేన్నీ ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. కొనే ముందు చీరయినా, చింతపండయినా తిరగేసి మరగేసి చూస్తాను. ఆ కారునీ అలాగే చూశాను. పెట్రోలు తక్కువ తాగుతుంది. సీట్ల గుడ్డ తుడిస్తే శుభ్రమవుతుంది. తాడేపల్లిగూడెం మార్కెట్టుకి ఏటా ఉల్లిపాయలకి వెళ్తాను. నాకు కావలసిన బస్తాలన్నీ డిక్కీలో పెట్టించాక కూడా పైన బెల్లం బుట్టకి చోటు మిగిలింది. సంసారం చేసుకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి?

వట్లూరు వెళ్ళే దారిలో షోరూము పెట్టాడు మా వాడు. చేల జోలికి పోకుండా, తన వాటాకొచ్చిన చేపల చెరువు అమ్మి పెట్టాడు. కంపెనీ కొత్తది. మన వైపు అమ్మడానికి ఇచ్చింది ఆ ఒక్క రకం కారే. అది ఆడితే షోరూము ఉంటుంది, లేకపోతే లేదు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

వచ్చినవాళ్ళకి వాడు రెండు సంగతులు తప్పకుండా చూపించేవాడు. మొదటిది వెనక సీటు. మా హాల్లో సోఫా అంత ఉంటుంది. "పెద్దవాళ్ళు హాయిగా పడుకుని ప్రయాణం చెయ్యొచ్చండి" అనేవాడు. రెండోది డిక్కీలో ఉండే మీట. దాన్ని లాగితే వెనక సీటు వీపు ముందుకి వాలిపోయి, డిక్కీ, లోపలి భాగం కలిసి ఒకటే గది అయిపోతుంది. "నిచ్చెన పెట్టుకోండి, అరటిగెలలు పెట్టుకోండి, మీ ఇష్టం" అంటూ మీట లాగేవాడు. టక్కున చప్పుడయ్యేది. పిల్లలు దూరి అటు నుంచి ఇటు పాకేవాళ్ళు. ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మొదటి కారు కొన్నది మా వియ్యంకుడుగారు, అంటే మా కోడలి తండ్రి. కొల్లేటి లంకలో ఉండేవారు. చేపల చెరువులు చేసేవారు. మనిషి తాటిచెట్టంత పొడుగు. మొలలోతు నీళ్ళలో పొద్దంతా నిలబడి వల లాగించేవారు గానీ, ఏసీ గాలి మాత్రం క్షణం తట్టుకోలేకపోయేవారు. షోరూములోకి రాగానే భుజం మీది కండువా తీసి చెవులకి చుట్టుకున్నారు.

"ఏం అక్కయ్యగారూ, మీ అబ్బాయి నాకు పడవ అంటగడుతున్నాడు. ఇంత పొడుగేంటండీ?" అన్నారు నాతో.

"మీ కాళ్ళకి తగ్గ బండి లెండి అన్నయ్యగారూ. పాత కారులో మోకాళ్ళు గడ్డానికి తగిలేవి గదా మీకు."

ఆయన వెనక తలుపు తీసి, చెప్పులు విప్పి, అందరూ చూస్తుండగానే సీటు మీద పడుకున్నారు. మోకాళ్ళు కాస్త ముడిస్తే సరిపోయింది. "బాగుందయ్యా అల్లుడూ. ఇక ఏలూరు పడుకునే వచ్చేయొచ్చు. కానీ చలేస్తోంది, ఆ ఏసీ తగ్గించు" అన్నారు. అందరం నవ్వాం.

ఆయన కొన్నారంటే లంకల్లో దానికో విలువ. ఆయన కారు చూసి ఇద్దరు ముగ్గురు అడ్వాన్సు ఇచ్చారు. ఉండి నుంచి ఒకరు, పెదవేగి పామాయిలు రైతు ఒకరు ఫోన్లు చేశారు. మా వాడి ముఖం తేటపడింది.

వానలు మొదలవుతున్న రోజుల్లో, ఒక పొద్దున చెరువులో చేపల పట్టుబడి అయ్యాక ఆయన తడి పంచెతోనే ఇంటికొచ్చి, గుండె పట్టేసిందన్నారట. వెంటనే ఆ కారులోనే వెనక సీటు మీద పడుకోబెట్టి ఏలూరు ఆసుపత్రికి బయల్దేరారు. ఆయన తల మా వియ్యపురాలుగారి ఒళ్ళో ఉంది. కబురు తెలిసి నేను, మా అబ్బాయి, కోడలు ఆసుపత్రి దగ్గరికి బయల్దేరబోతుండగానే మళ్ళీ ఫోనొచ్చింది. కాలువ వంతెన దాటాక అయిపోయిందట. కారు వెనక్కి తిప్పేశారట.

మేం లంకకి చేరేసరికి కారు వాళ్ళ ఇంటి ముందు ఆగి ఉంది. ఊరంతా చుట్టూ నిలబడింది. కారు మీద ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఆయన ఇంకా లోపలే ఉన్నారు. మా వియ్యపురాలుగారు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నారు. అరుగు మీద పంతులుగారు పంచాంగం మూసి కళ్ళజోడు తీశారు.

"ధనిష్ఠా పంచకం పట్టింది" అన్నారు. "ఇంతకీ ప్రాణం ఎక్కడ పోయిందమ్మా? ఇంట్లోనా, దారిలోనా?"

ఈ పంచకం సంగతి మా వైపు అందరికీ తెలిసిందే. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే, ప్రాణం పోయిన ఇల్లు పాడుపెట్టాలి. అంటే మనుషులందరూ వెళ్ళిపోయి, గుమ్మానికి ముళ్ళకంప వేసి, ఆర్నెల్లు మూసేయాలి. శవాన్ని కూడా వాకిలి గుమ్మంలోంచి తియ్యరు. వెనక గోడకి కన్నం పెట్టి తీస్తారు.

వియ్యపురాలుగారు తల ఎత్తకుండానే, కారులోంచే చెప్పారు. "కారులోనేనండి. వంతెన దాటాక."

జనం ఊపిరి వదిలారు. పంతులుగారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "అయితే ఇంటికి దోషం లేదు. కారు పాడుపెట్టండి" అన్నారు.

అక్కడ ఒక్కరూ నవ్వలేదు. అందరికీ అది సబబుగానే తోచింది. ఇల్లు మిగిలింది, చాలు. ఇక కారులోంచి ఎలా దించాలన్న మాట వచ్చింది. ఎక్కించిన తలుపులోంచి దించకూడదు.

"అటు పక్క తలుపుంది గదండీ" అన్నాడు ఆయన తమ్ముడు.

"గుమ్మాలు ఎన్నున్నా గుమ్మాలే. ఇంటికైతే వెనక గోడ పగలగొడతాం గదా" అన్నారు పంతులుగారు.

అప్పుడు అందరూ మా అబ్బాయి వంక చూశారు. వాడు వెళ్ళి డిక్కీ తలుపు ఎత్తాడు. వియ్యపురాలుగారిని ముందుగా కిందికి దించి, లోపల ఇద్దరు ఆయన్ని పైకెత్తి పట్టుకున్నారు. మా వాడు మీట లాగాడు. టక్కుమంది. షోరూములో ఎన్నోసార్లు విన్న చప్పుడే. ఆ రోజు మాత్రం అందరూ ఒకడుగు వెనక్కి వేశారు. వాలిన సీటు మీదుగా ఆయన్ని జరిపి, డిక్కీలోంచి, కాళ్ళు ముందుగా బయటికి తీశారు. అంత పొడుగు మనిషీ ఎక్కడా తగలకుండా వచ్చేశారు.

కారుని ఇంటి ముందు ఉంచకూడదని తోసుకుంటూ తీసుకెళ్ళి, చెరువు గట్టు పెద్ద రోడ్డుని కలిసే చోట నిలబెట్టారు. చుట్టూ తుమ్మకంప వేశారు. ముందు అద్దానికి ఎదురుగా ఒక ఇటుక పెట్టి, దాని మీద రోజూ సాయంత్రం దీపం పెట్టేవారు. ఏలూరు, కైకలూరు తిరిగే బస్సులన్నీ ఆ మలుపులో నెమ్మదిస్తాయి. కిటికీ పక్కన కూర్చున్న ప్రతివాళ్ళూ దాన్ని చూసేవాళ్ళు. తెల్లటి కొత్త కారు. నంబరు పలక మీద పసుపు బొట్లు కూడా ఇంకా చెదరలేదు.

ఆ ఏడు కొల్లేరు బాగా పొంగింది. నీళ్ళు గట్టెక్కి కారు చక్రాల దాకా వచ్చాయి. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి ముళ్ళకంపకి పట్టుకుని, అక్కడే ఊదారంగు పూలు పూసింది. దూరం నుంచి చూస్తే కారు ఆ పూల మీద ఆగినట్టుండేది. మా వైపు కొంగలు దేని మీదైనా వాలతాయి. గేదె మీద, కరెంటు తీగ మీద, ఆగి ఉన్న ట్రాక్టరు మీద. దాని మీద వాలగా నేను చూడలేదు. ఇంకోటి, మిగిలిన అద్దాలన్నీ తేటగా ఉండేవి గానీ వెనక సీటు పక్క అద్దం ఒక్కటి మసకేసి ఉండేది. కర్మకాండలకి వెళ్ళినప్పుడు కంపలోంచి చెయ్యి పెట్టి కొంగుతో తుడిచాను. పోలేదు. మసక లోపలి వైపు ఉంది. తడి పంచెతో పడుకున్నారు గదా, సీటు తడిసి ఆవిరి పట్టి ఉంటుందనుకున్నాను. తర్వాత నెలలు గడిచాక వెళ్ళినప్పుడు కూడా అలాగే ఉంది. ఎవరో లోపల కూర్చుని ఊపిరి వదిలినంత మేర.

షోరూములో మార్పు వెంటనే కనిపించింది. జనం రావడం మానలేదు, ఇంకా ఎక్కువే వచ్చారు. కానీ వచ్చి దూరం నుంచి చూసేవాళ్ళు. ముందు సీట్లో కూర్చునేవాళ్ళు గానీ వెనక ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. ఒక పిల్ల ఎక్కబోతే వాళ్ళమ్మ రెక్క పట్టుకుని లాగేసింది.

"ఇది ఆ కారేనాండీ?" అని అడిగిందావిడ.

"కాదండీ, అలాంటిది. ఇది కొత్తదండీ" అన్నాడు మా దగ్గర పనిచేసే కుర్రవాడు.

"అదే, అలాంటిదేనని మీరే అంటున్నారుగా!"

ఆ కుర్రవాడు అలవాటు చొప్పున డిక్కీ ఎత్తి మీట లాగాడు. టక్కుమంది. ఆవిడ వెనకున్న ముసలాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. అంతే, వెళ్ళిపోయారు.

అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకున్నారు. పెదవేగి రైతు మాత్రం మర్యాదగా ఫోన్లో చెప్పాడు. "ఏమీ అనుకోకండి. కారు బంగారం. మా నాన్నగారు పెద్దవారైపోయారండి, ఆయన్ని అందులో ఎక్కించాలంటే మాకే అదోలా ఉంది." ఉల్లిపాయలకని షోరూము కారులో నేను తాడేపల్లిగూడెం వెళ్తే, ఏళ్ళ తరబడి నన్నెరిగిన వ్యాపారి డిక్కీ వంక చూసి చేతులు నలుపుకున్నాడు.

"అమ్మగారూ, బస్తాలు ఆటోలో పంపిస్తానండి."

"ఆటో దండగెందుకయ్యా, ఇంత డిక్కీ పెట్టుకుని?"

"ఆటో బాడుగ నాదేనండి. మా హమాలీలు దాంట్లో వెయ్యం అంటున్నారండి. మీరు కోప్పడకండి."

కోప్పడ్డాను. అయినా బస్తాలు ఆటోలోనే వచ్చాయి.

మా వాడు రంగులు మార్చి తెప్పించాడు. ఎర్ర కారు గాజు వెనక పెట్టి లైట్లు వేశాడు. ఎవరికీ ఎరుపు కనిపించలేదు. కంపెనీవాళ్ళు ఇక ఒక్క పండగ సీజను చూస్తామన్నారు. ఆ వారంలో వాడు అన్నం ముందు కూర్చుని నాతో అన్నాడు.

"అమ్మా, నువ్వొకసారి అత్తయ్యగారితో మాట్లాడు. మామయ్యగారు ఇంట్లోనే పోయారని ఆవిడ ఒక్క మాటంటే చాలు. కారుకి దోషం పోతుంది. కంప తీయించేసి నేనే నడుపుకుంటూ ఊళ్ళన్నీ తిప్పుతాను."

"అలా అంటే ఇల్లు పాడుపెట్టాలి గదరా."

"ఆర్నెల్లే గదా. ఆవిడొచ్చి మన దగ్గర ఉంటారు. అద్దె ఇల్లు కూడా అక్కర్లేదు."

మా కోడలు గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. "మా అమ్మ వచ్చి ఉంటే నాకన్నా సంతోషించేవాళ్ళు ఎవరుంటారు అత్తయ్యగారూ? కానీ అబద్ధం ఆడమని మాత్రం నేనడగను" అంది. చారు పోసి లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బస్సులో లంకకి వెళ్ళాను. మలుపు దగ్గర దిగేసరికి వియ్యపురాలుగారు అక్కడే ఉన్నారు. కారు పక్కన, కంపకి ఇవతల, కుర్చీ వేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నన్ను చూసి లేచారు.

"ఎండలో పడొచ్చారేంటి వదినగారూ? కబురు చేస్తే గొడుగిచ్చి డ్రైవర్ని పంపేదాన్ని."

నాకు డొంకతిరుగుడు చేతకాదు. మా వాడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. "అబద్ధం ఆడమని నేనూ అడగను. కనీసం కారుని ఇంటి వెనక్కి జరిపించండి వదినగారూ. బస్సుల వాళ్ళకి కనపడకుండా. వాడి బతుకు దీని మీదుంది."

ఆవిడ చేట పక్కన పెట్టి కారు వంక చూశారు. "పాపం, దీనికేం తెలుసండీ. ఇది ఏ పాపం ఎరగదు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, ఎవరికో కథ చెబుతున్నట్టు చెప్పారు. "ఆయన మంచం మీద ఒరిగారు. తడి పంచె మార్చుకోండి అని నేను అరుస్తున్నాను. పంచె తెచ్చి తిరిగి చూసేసరికి అయిపోయిందండీ. ఇంట్లోనే."

గట్టు మీదే కూలబడ్డాను. "మరి కారెందుకు ఎక్కించారు?"

"పొద్దున్నే పంచాంగం చూశాను. పంచకమని తెలుసు. ఆర్నెల్లు ఇల్లు వదిలి పొమ్మంటారు. మా మరిది ఈ ఇంటి మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు, మీరెరగంది కాదు. తాళం వేసేది నేనైతే తీసేది వాడండీ. ఇక నా గతేంటి? కూతురి అత్తవారింట్లో ఎన్నాళ్ళు కూర్చోను?" కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "డ్రైవరు పరిగెత్తుకొచ్చాడు. మాట పడిపోయింది, పట్టండి పట్టండి అన్నాను. దారంతా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను, డ్రైవరుకి అనుమానం రాకూడదని. వంతెన దాటాక ఏడ్చాను."

ఆవిడ పాపం చేసినట్టు చెప్పలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోశానని చెప్పినట్టు చెప్పారు. మా వాడు ఆడమన్న అబద్ధమే నిజమన్నమాట. ఆ ఒక్క మాట నేను ఊళ్ళోవాళ్ళ చెవిన వేస్తే షోరూము బతుకుతుంది, ఈవిడ రోడ్డున పడుతుంది. కారు అద్దంలో మా ఇద్దరి నీడలూ కనిపిస్తున్నాయి. వెనక సీటు పక్క అద్దంలో మాత్రం నా నీడ ఒక్కటే మసకలో కలిసిపోయింది.

తిరిగి బస్సు కోసం నిలబడితే డ్రైవరు గొడుగు పట్టుకుని తోడొచ్చాడు. ఏలూరు తంగెళ్ళమూడి వైపు సాయిబుల కుటుంబం అతనిది. నెమ్మదైన మనిషి.

"అమ్మగారూ, కారు సంగతికేనాండి వచ్చారు?" అన్నాడు. "మా వాళ్ళలో ఈ పంచకాలవీ లేవండి. నడపమంటే ఇప్పుడైనా నడుపుతానండి. కానీ పెద్దాయన అందులోనే పోయారండి, అది మాత్రం నిజమండి."

"నీకెలా తెలుసయ్యా?"

"వంతెన మీద మాట్లాడారు గదండీ."

"ఎవరు?"

"పెద్దాయనేనండి. 'చలేస్తోందిరా, ఆ ఏసీ తగ్గించు' అన్నారండి. తగ్గించానండి. ఆ తర్వాతే అమ్మగారు ఏడ్చారండి."

"ఆవిడ మాట్లాడిందేమో."

"ఆవిడ మాటలూ వినపడుతున్నాయండి. ఇది ఆవిడ గొంతు కాదండి."

"వెనక్కి తిరిగి చూశావా?"

"వంతెన మీద ఎలా చూస్తానండీ? ఎదురుగా మేత లారీ వచ్చేస్తోంది."

బస్సొచ్చింది. కిటికీలోంచి చూస్తే అతను గొడుగు మూసి, కారు పక్కనుంచి కాకుండా రోడ్డుకి అవతలి వైపు నుంచి నడిచి వెళ్తున్నాడు.

ఇంటికెళ్ళి మా వాడితో ఒకటే మాట చెప్పాను. "కుదరదురా. ఆయన కారులోనే పోయారు. డ్రైవరు కూడా విన్నాడు." వాడు మళ్ళీ అడగలేదు. పండగ సీజను గడిచింది. కంపెనీవాళ్ళు బోర్డు విప్పించుకుని వెళ్ళారు. ఆ చోట ఇప్పుడు టైల్సు కొట్టు ఉంది. మా వాడు వేరేవాళ్ళ షోరూములో మేనేజరు. ఎత్తు బళ్ళు అమ్ముతాడు, బాగానే అమ్ముతాడు. చెరువు పోయినందుకు వాడికి బాధ ఉంది, నాకూ ఉంది. కానీ చెరువు పోయినవాడు ఉద్యోగం చేసుకోగలడు. ఇల్లు పోయిన ఆడది ఏం చేస్తుంది? నేను లెక్క సరిగ్గానే వేశాననుకుంటున్నాను.

వియ్యపురాలుగారు కిందటేడు పోయారు. ఆ ఇంట్లోనే, ఆవిడ మంచం మీదే. పంతులుగారు పంచాంగం చూసి మంచి నక్షత్రమే అన్నారు. ఇల్లు మా కోడలి పేర వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా వాడు చదివితే చదవనీ.

కారు సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆర్నెల్లయ్యాక శాంతి చేయించి, కంప తీసి, తలుపులు తెరిచారు. ఊరికే ఇస్తామన్నా ఎవరూ తీసుకోలేదు. మంచి బండి, తుక్కుకి వేయడానికి నాకు మనసొప్పలేదు. నేనే తెచ్చుకున్నాను. సీటు ఎండలో వేసి సబ్బునీళ్ళతో కడిగించాను. ఇప్పటికీ తాడేపల్లిగూడానికి, లంకకి అందులోనే తిరుగుతాను. ఆ డ్రైవరే నడుపుతాడు. ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని దారిస్తారు, హారను కొట్టే పని కూడా ఉండదు. వెనక సీటులో ఎడమ పక్కకి ఒదిగి కూర్చుంటాను, రెండో వైపు సంచులు కూడా పెట్టను.

లంకకి వెళ్ళేటప్పుడు కాలువ వంతెన ఎక్కగానే డ్రైవరు చెయ్యి చాపి ఏసీ తగ్గిస్తాడు. నేనెప్పుడూ అడగలేదు. ఎవరడిగారని అతన్ని అడగనూ లేదు. పెట్రోలు కలిసొస్తుంది గదా అని ఊరుకుంటాను.